నీళ్ళలో నానే చేతులే ఎందుకు పగులుతాయి?

ధనుర్మాసం వచ్చిందంటే తెల్లవారకముందే వాకిట్లో కళ్ళాపి, ముగ్గు, ఆ తర్వాత అంట్లు, బట్టలు. పొద్దంతా తడిలో ఉన్న ఆ చేతులే సాయంత్రానికి గరుకుదేలతాయి. వేలి కణుపుల మీద తెల్లగా గీతలు పడతాయి. పచ్చిమిర్చి కోయబోతే చుర్రుమంటాయి. ఎండలో తిరిగిన చెయ్యి ఎండిపోయిందంటే అర్థముంది, నీళ్ళను వదలని చెయ్యి ఎండిపోవడమేమిటి? చలికాలపు పగుళ్ళ గురించి ముందు అడగాల్సింది ఇదే. దీనికి జవాబు దొరికితే ఏ క్రీము కొనాలన్న తర్జనభర్జన సగం తగ్గిపోతుంది.

మన చర్మంలో అన్నిటికన్నా పైనున్న పొర చనిపోయిన కణాలతో తయారైంది. ఆ కణాల సందుల్లో సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు కలిసిన జిడ్డు ఉంటుంది. ఒంట్లోని తడి బయటికి పోకుండా కాపు కాసేది ఆ జిడ్డే. ఇక కణాల లోపల యూరియా, లాక్టిక్ ఆమ్లం, అమైనో ఆమ్లాల వంటివి నీటిని పట్టి ఉంచుతాయి. చిక్కేమిటంటే ఇవి నీళ్ళలో కరిగిపోయే రకం. చెయ్యి గంటలకొద్దీ నానితే కణాలు ఉబ్బుతాయి, జిడ్డు వదులవుతుంది, నీటిని పట్టి ఉంచే సరుకు కడిగిన నీళ్ళతోనే పోతుంది. చెయ్యి బయటికి తీశాక పైపై తడి ఎలాగూ ఆరిపోతుంది. దాని వెనకే లోపలి తడీ బయలుదేరుతుంది, ఆపేవాళ్ళు లేరు కాబట్టి. సబ్బు తోడైతే ఇక చెప్పేదేముంది. ఆరోగ్యంగా ఉన్న చర్మం పీహెచ్ 5 దగ్గర ఉంటుంది, మామూలు సబ్బుది 9 నుంచి 10, అంటే క్షారం. గిన్నెకు పట్టిన నూనె ఏదో, చేతికి ఉన్న నూనె ఏదో సబ్బుకు తెలియదు.

బూడిదతో తోమిన కాలంలో చేతులు ఎంత బాగుండేవో అని కొందరు నిట్టూరుస్తుంటారు. కట్టెల బూడిదలో ఉండేదీ క్షారమే. తడిపిన బూడిద సబ్బుకన్నా మెతకదేమీ కాదు. అప్పుడూ చేతులు పగిలేవి, పట్టించుకుని అడిగినవాళ్ళు తక్కువ, అంతే.

మరి చలికాలంలోనే ఎందుకు ఎక్కువ? గాలి చల్లబడేకొద్దీ నీటి ఆవిరిని మోసే శక్తి తగ్గిపోతుంది. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 30 గ్రాముల ఆవిరి పడుతుంది. 10 డిగ్రీల దగ్గర పట్టేది 9 గ్రాముల చిల్లరే. ఆదిలాబాద్‌లోనో లంబసింగిలోనో రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు దిగితే తెల్లవారుజామున పొగమంచు కమ్ముతుంది కదా, కళ్ళెదుట అంత తేమ ఉంటే పొడిగాలి అంటారేమిటని అనుమానం రావచ్చు. గాలి మోయగలిగిన ఆ కాస్తా నిండిపోయింది కాబట్టే మంచు కనిపిస్తుంది. పొద్దెక్కి వేడి తగలగానే అదే గాలికి ఇంకా బోలెడంత ఆవిరిని పట్టగల ఖాళీ ఏర్పడుతుంది. ఆరేసిన బట్టలు, పెదవులు, చేతులు, ఎక్కడ తడి ఉంటే అక్కడినుంచి లాగేసుకుంటుంది.

అలాగైతే ఏప్రిల్ మధ్యాహ్నం హైదరాబాద్ గాలి ఇంతకన్నా పొడిగా ఉంటుంది, అప్పుడెందుకు పగలవు? అడగాల్సిన మాటే. పొడిగాలి ఒక్కటే కారణమైతే వేసవిలోనే ఎక్కువ పగలాలి. కానీ వేసవిలో చెమట చర్మాన్ని తడుపుతూనే ఉంటుంది, ఒంటి జిడ్డు వేడికి మెత్తబడి పరుచుకుంటుంది. చలిలో చెమట దాదాపు ఆగిపోతుంది, చర్మంలో సెరమైడ్లు తగ్గుతాయి, పై పొర బిరుసెక్కి మడతపడిన చోటల్లా చిట్లుతుంది. పైగా చలికి మనం చేజేతులా చేసుకునేది ఒకటుంది: వేణ్ణీళ్ళు. నీళ్ళు ఎంత కాగితే జిడ్డును అంత శుభ్రంగా ఊడ్చేస్తాయి. గీజరు కింద చేతులు పెట్టుకుంటే కలిగే హాయిని కాదనను, కానీ గోరువెచ్చన దాటిన ప్రతి డిగ్రీకీ సాయంత్రం మూల్యం ఉంటుంది.

ఒంట్లో మిగతా చోట్లకన్నా చేతులకే ఈ బాధ ఎందుకంటే, అరచేతిలో నూనె గ్రంథులు అసలు లేవు. చెమట గ్రంథులు మాత్రం దండిగా ఉంటాయి. ముఖానికున్న సొంత నూనె అరచేతికి లేదన్నమాట. చేతి వెనకవైపు చర్మమేమో పల్చన. అందుకే వెనకవైపు పొట్టు రేగుతుంది, మందంగా ఉండే అరచేతివైపు లోతుగా చీలుతుంది.

ఇక వైద్యం. ఇక్కడ చాలామందికి వరస తప్పుతుంది. నూనె చర్మానికి తడి ఇవ్వదు, ఇవ్వలేదు, నూనెలో నీళ్ళే లేవు. అది మూత. గిన్నెలో నీళ్ళుంటేనే మూత పెట్టినందుకు ఫలం. ఎప్పుడో ఆరిపోయిన చేతికి రాసిన నూనె నిగనిగలాడుతుంది, తెల్లారేసరికి గరుకు గరుకుగానే ఉంటుంది. భోగినాడు తలంటు పోసుకునేటప్పుడు నూనె ముందు, నలుగు తర్వాత, నీళ్ళు చివర. ఒళ్ళు శుభ్రం కావడానికి ఆ వరస సరే. పగుళ్ళకు మాత్రం తిరగేయాలి: నీళ్ళు ముందు, నూనె చివర. చేతులు కడిగాక రుద్ది తుడవకుండా మెత్తటి గుడ్డతో అద్ది, ఇంకా కాస్త చెమ్మ ఉండగానే, రెండు మూడు నిమిషాలు దాటనివ్వకుండా రాయాలి.

కుష్ఠువ్యాధివల్ల నరాలు దెబ్బతిని చెమట పట్టడం మానేసిన చేతులకు ఆ వ్యాధి ఆస్పత్రుల్లో నేర్పే సంరక్షణ సరిగ్గా ఇదే. సుమారు 20 నిమిషాలు మామూలు నీళ్ళలో చేతులు నానబెట్టి, గట్టిపడిన తోలును మెల్లగా రుద్ది, తడి మీదే నూనె పట్టిస్తారు. నానడమే చేటన్నవాళ్ళు ఇప్పుడు నానబెట్టమంటున్నారేమిటి? సబ్బు లేకుండా ఒకసారి నానడం, వెంటనే మూత పెట్టడం వేరు. రోజుకు ఇరవైసార్లు కడిగి గాలికి ఆరబెట్టడం వేరు.

ఏ నూనె? మూతగా అన్నిటికన్నా గట్టిది పెట్రోలియం జెల్లీ. చర్మం నుంచి ఎగిరిపోయే నీటిని ఇది దాదాపు పూర్తిగా ఆపగలదు. అమెరికాలో చమురు బావుల పనివాళ్ళు డ్రిల్లింగ్ కడ్డీలకు పట్టిన మడ్డిని తీసి గాయాలకు రాసుకోవడం రాబర్ట్ చీస్‌బ్రో అనే రసాయనవేత్త గమనించి, దాన్ని శుద్ధి చేసి, 1872లో వాసెలిన్ పేరుతో పేటెంటు తీసుకున్నాడు. జిడ్డుగా ఉంటుందని విసుక్కుంటారు కానీ చవకగా దొరికేవాటిలో దీనికి సాటి వచ్చేది లేదు. కొబ్బరి నూనె దీనికన్నా పల్చటి మూత, అయినా రోజువారీ పొడిబారిన చర్మానికి బాగానే పనిచేస్తుంది. సుమారు 24 డిగ్రీల లోపు గడ్డకడుతుంది గనక సీసాలోంచి రాదు, వెడల్పు మూతి డబ్బాలో పోసుకుంటే సరి. నువ్వుల నూనె, నెయ్యి కూడా మూతలే. నెయ్యి రాసుకుని పడుకుంటే చీమలతో మీ లెక్క మీరు చూసుకోవాలి.

గ్లిజరిన్ తీరు వేరు. ఇది మూత కాదు, నీటిని పట్టుకునేది. చిక్కటి గ్లిజరిన్‌ను నేరుగా రాస్తే, గాలిలో తేమ లేనప్పుడు అది చర్మం లోపలి నీటినే పైకి లాగుతుంది. ఒక వంతుకు రెండు మూడు వంతుల నీళ్ళో పన్నీరో కలిపి రాసి, పైన కాస్త నూనె పూస్తే రెండు పనులూ అవుతాయి. మన ఇళ్ళలో దీనికి నిమ్మరసం కలిపే అలవాటుంది. అది మానుకోండి. పగుళ్ళలో మంట ఒకటి, నిమ్మరసం ఉన్న చేత్తో ఎండలోకి వెళితే బొబ్బలు, నల్లమచ్చలు రావడం ఇంకొకటి. మందుల దుకాణంలో దొరికే యూరియా క్రీముల్లో చేతులకు 10 శాతానిది చాలు. 20, ఆపైన ఉన్నవి మడమల కోసం. చీలిక నెత్తురు కనిపించేలా ఉంటే యూరియా మండుతుంది, అది పూడేదాకా జెల్లీయే మేలు.

పగలు ఎన్నిసార్లు రాసినా మళ్ళీ కడుగుతాం. కాబట్టి అసలు వైద్యం రాత్రిది. పడుకునేముందు చేతులు గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు ఉంచి, అద్ది, జెల్లీ దట్టంగా పట్టించి, నూలు తొడుగులు వేసుకోవాలి. తొడుగులు లేకపోతే పాత నూలు సాక్సులు. ఏడు గంటలు నీళ్ళు తగలని చెయ్యి ఆ ఒక్క పూటే దొరుకుతుంది. అరచేతి తోలు మందం కాబట్టి రెండు రాత్రులతో ఆపేయకండి, వారాలు పడుతుంది.

అంట్లకు రబ్బరు తొడుగులు వాడేవాళ్ళు లోపల నూలువి వేసుకుంటే చెయ్యి చెమటకు నానదు. యాసంగి నాట్లకు పొద్దున్నే చన్నీటి బురదలో దిగే ఆడవాళ్ళకు తొడుగులు చెప్పడం మాత్రం అర్థంలేని సలహా, తొడుగుతో నారు పట్టు దొరకదు. దిగేముందు జెల్లీ, గట్టెక్కాక ఒట్టి నీళ్ళతో కడిగి వెంటనే నూనె, వాళ్ళకు వీలయ్యేది అంతే. శానిటైజరు మండితే అదే చేతుల్ని చెడగొట్టిందనుకుంటాం. మంట అప్పటికే ఉన్న చీలికలది. గ్లిజరిన్ కలిసిన శానిటైజరు పదేపదే సబ్బుతో కడగడంకన్నా చర్మానికి సౌమ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారీ సూత్రంలో 1.45 శాతం గ్లిజరిన్ ఉన్నది అందుకే. కంటికి కనిపించే మురికి ఉంటే మాత్రం నీళ్ళు తప్పవు.

ఇంత చేసినా తగ్గనివి కొన్ని ఉంటాయి, వాటికి చలితో పని లేదు. కుడిచేత్తో కత్తి పట్టేవాళ్ళకు ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కొసలే పగులుతుంటే వెల్లుల్లిని అనుమానించాలి, రెబ్బను పట్టుకునేది ఆ వేళ్ళే. సిమెంటు పనివాళ్ళకు అందులోని క్రోమియం పడకపోవచ్చు. ఒక్క అరచేతిలోనే పొట్టు రేగుతూ రెండు పాదాలకూ అలాగే ఉంటే అది తామర కావచ్చు. ఇలాంటి వాటికి దుకాణంలో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన ట్యూబు వారంలో మాయ చేస్తుంది, నెలల్లో చర్మాన్ని పల్చబరుస్తుంది, తామరనైతే లోపల్లోపల పెంచుతుంది. చర్మవైద్యుడు చెప్పకుండా దాన్ని ముట్టుకోవద్దు.

చెయ్యి పొడిబారి, పగిలి, నొప్పి మాత్రం లేకపోతే సంతోషించకండి. ఆ చోట స్పర్శ తగ్గిందేమో, వేడి గిన్నె పట్టుకున్నా తెలియడం లేదేమో చూసుకోండి. మధుమేహం కావచ్చు, కుష్ఠు కావచ్చు. కుష్ఠుకు ప్రభుత్వ ఆస్పత్రిలో పరీక్ష, మందు రెండూ ఉచితం. వ్యాధి రకాన్నిబట్టి ఆరు నెలలో, ఏడాదో వాడితే నయమవుతుంది. ఆలస్యం చేస్తే వ్యాధి పోయినా పోయిన స్పర్శ తిరిగి రాకపోవచ్చు.