బ్రేకు పెడల్ ఎందుకు కొట్టుకుంటుంది? (స్క్రూగేజి మళ్లీ నేర్పిన పాఠం)



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగారు. కవితలు, కథలు రాసేవాళ్లు మన హాస్టల్లో ఎప్పుడూ ఉన్నారు. నాకు తెలిసింది పానా పట్టుకోవడం. ఇరవై ఏళ్లకు పైగా సాగర్ రోడ్డు పక్కన కార్లు రిపేరు చేస్తున్నాను. అందుకని నా షెడ్డుకు తరచుగా వచ్చే ఒక జబ్బు గురించి, దాన్ని కనిపెట్టడంలో నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తున్నాను. ఐ.టి.ఐ.లో చేరాలనుకునే తమ్ముళ్లకు, పాత కారు కొనుక్కున్న మిత్రులకు ఇది పనికొస్తుందని ఆశ.

జబ్బు ఏమిటి?

కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతోంది. బ్రేకు తొక్కితే పెడల్ నిలకడగా ఉండకుండా పాదాన్ని టకటకా వెనక్కి కొడుతుంది. వేగం తగ్గేకొద్దీ ఆ దెబ్బలు కూడా నెమ్మదిస్తాయి. ఒక్కోసారి స్టీరింగు అదురుతుంది. షెడ్లలో దీన్ని "పెడల్ కొట్టుకుంటోంది" అంటారు. "డిస్కు బెండు వచ్చింది" అని తేల్చేస్తారు.

దెబ్బల వేగం చక్రం వేగాన్ని బట్టి ఎందుకు మారుతుంది? చిన్న లెక్క చేద్దాం. మారుతి 800 కారు 1983 డిసెంబరులో రోడ్డెక్కింది, 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. మన పల్లెల్లో ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తుంది. దాని 12 అంగుళాల చక్రం టైరుతో కలిపి ఒక్కసారి తిరిగితే కారు సుమారు 1.6 మీటర్లు ముందుకు పోతుంది. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు 16.7 మీటర్లు. అంటే చక్రం సెకనుకు దాదాపు పది సార్లు తిరుగుతుంది. డిస్కులో ఒకచోట లోపముంటే సెకనుకు పది దెబ్బలు. 30 వేగంలో ఐదే. దెబ్బలు చక్రంతో పాటు నెమ్మదిస్తున్నాయంటే లోపం చక్రంతో పాటు తిరిగే వస్తువులోనే ఉంది. ఇది మొదటి ఆధారం.

నేను చేసిన తప్పు

2008లో ఒక పెద్దాయన తన మారుతి 800 తెచ్చాడు. యాచారం దిక్కు మనిషి. బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరైనాడు. భార్యకు వైద్యం కోసం నెలకు రెండుసార్లు ఆమెను కారులో పట్నం తీసుకుపోయేవాడు. పెడల్ కొట్టుకుంటోందన్నాడు. నేను కారును ఒక చుట్టు తిప్పి చూసి, ముందు చక్రాల ప్యాడ్లు మార్చి, డబ్బులు తీసుకున్నాను. మూడు వారాలకు మళ్లీ వచ్చాడు. ఈసారి డిస్కులు విప్పి లేతు పట్టించాను. బాగైంది. రెండు నెలలకు మళ్లీ అదే గోల.

మూడోసారి ఆయన కోపం చేయలేదు. "బిడ్డా, నువ్వు సామాన్లు మారుస్తున్నవ్ గని రోగమేందో చూస్తలేవు. మొన్న బొంగ్లూరు గేటు కాడ లారీ ఆగితే బ్రేకు కొట్టిన. పెడల్ తన్నేసరికి కాలు తీసేసిన. పక్కల నా ఇంటామె ఉండె" అన్నాడు.

ఆ మాటకు నాకు తల కొట్టేసినట్లయింది. ముప్పై ఏళ్లు స్టీరింగు పట్టిన మనిషే భయపడి కాలు తీశాడు. నేను రెండుసార్లు డబ్బులు తీసుకున్నాను గానీ ఒక్కసారి కూడా ఏదీ కొలవలేదు.

స్క్రూగేజి గుర్తుకొచ్చింది

పదో తరగతి భౌతికశాస్త్రంలో మాకు స్క్రూగేజి పాఠం ఉండేది. పొద్దున స్టడీ అవర్లో గోడకానుకొని బట్టీ కొట్టేవాళ్లం. పిచ్ ఒక మిల్లీమీటరు, తల స్కేలు మీద వంద విభాగాలు, కనీసపు కొలత 0.01 మిల్లీమీటరు. మార్కుల కోసం చదివాం, పరీక్ష రాశాం, మరిచిపోయాం.

షెడ్డులో వాడే మైక్రోమీటరు అంటే ఆ స్క్రూగేజే. చాలావాటికి పిచ్ అర మిల్లీమీటరు, స్కేలు మీద యాభై విభాగాలు ఉంటాయి. భాగించి చూడండి, మళ్లీ అదే 0.01 వస్తుంది. కొలిచే ముందు దవడలు రెండూ కలిపి శూన్యాంశ దోషం చూసుకోమని సారు చెప్పేవారు. ఇప్పుడూ అదే చేయాలి.

ఆ రోజు తెలిసినవాళ్ల దగ్గర మైక్రోమీటరు, డయల్ గేజి అడిగి తెచ్చాను. డిస్కు మందాన్ని చుట్టూ ఎనిమిది చోట్ల కొలిచాను. ఎక్కువకు, తక్కువకు తేడా 0.04 మిల్లీమీటరు. మన తలవెంట్రుక మందం కన్నా తక్కువ! కంటికి కనపడదు, వేలికి తగలదు. కానీ పాదానికి తెలుస్తుంది.

అంత చిన్న తేడా పాదం దాకా ఎలా వస్తుంది?

పాస్కల్ నియమం గుర్తుందా? మూసి ఉన్న ద్రవంలో ఒకచోట ఒత్తిడి పెంచితే అది అన్ని దిక్కులకూ సమానంగా పాకుతుంది. మనం పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ నూనెను నొక్కుతుంది, చక్రం దగ్గరి పిస్టన్ ప్యాడ్లను డిస్కుకు అదుముతుంది. ప్యాడ్ల మధ్యకు డిస్కులోని మందం చోటు వచ్చినప్పుడు ప్యాడ్లు ఎడమవుతాయి. పిస్టన్ వెనక్కి జరుగుతుంది. నూనె వచ్చిన దారినే వెనక్కి తోసుకుంటూ పోయి పెడల్‌ను తంతుంది. పలుచని చోటు రాగానే పెడల్ దిగుతుంది. చక్రం తిరిగినప్పుడల్లా ఇదే వరస.

"బెండు" అనే మాట చాలాసార్లు తప్పు. పోత ఇనుప డిస్కు మామూలు వాడకంలో అంత తేలిగ్గా వంగదు. ఎక్కువగా జరిగేది ఇది. డిస్కుకు, అది ఆనుకునే హబ్బుకు మధ్య తుప్పో మట్టో చేరుతుంది. డిస్కు ఒక పక్కకు ఒరిగి బిగుసుకుంటుంది. బ్రేకు తొక్కకపోయినా, తిరిగినప్పుడల్లా ఒకే చోట ప్యాడ్‌కు రాసుకుంటుంది. కొన్ని వేల కిలోమీటర్లు నడిచేసరికి ఆ చోటు అరిగి పలుచబడుతుంది. అందుకే కొత్త సామాను వేసిన రోజు బాగుండి, నెలల తర్వాత జబ్బు తిరగబెడుతుంది. రెండో కారణం, వేడెక్కిన ప్యాడ్ పదార్థం డిస్కు మీద మచ్చలుగా అంటుకోవడం. వానల్లో నెలల తరబడి నిలబెట్టిన కారుకు ప్యాడ్ ఆనిన చోట తుప్పు అచ్చు కూడా పడుతుంది.

పెద్దాయన కారులో హబ్బు మీద తుప్పు పొర ఉంది. రెండుసార్లు విప్పి కూడా నేను దాన్ని తుడవలేదు. డయల్ గేజిలో డిస్కు ఊగులాట 0.25 మిల్లీమీటరు చూపించింది. తుప్పు గీకి, ఎమరీ కాగితంతో రుద్ది మళ్లీ బిగిస్తే 0.05కు దిగింది. అంటే తప్పు డిస్కుది కాదు, నాది.

వరుసగా ఎలా చూడాలి?

1. ముందు కారు నడపాలి. బ్రేకు తొక్కినప్పుడే అదిరితే బ్రేకుల్లో లోపం. తొక్కకపోయినా అదిరితే టైరు, రిమ్ము, బ్యాలెన్సింగు చూడాలి.

2. స్టీరింగు కూడా అదిరితే లోపం ఎక్కువగా ముందు చక్రాలది. సీటు కిందా పెడల్‌లోనే తెలిస్తే వెనక డ్రమ్ములను అనుమానించాలి. ఖాళీ రోడ్డు మీద, తక్కువ వేగంలో, బటన్ నొక్కిపట్టి హ్యాండు బ్రేకు మెల్లగా లాగండి. పాత కార్లలో అది వెనక చక్రాలకే పనిచేస్తుంది. అప్పుడూ కొట్టుకుంటే డ్రమ్ము గుండ్రం తప్పిందన్నమాట. వానపడి తడిసిన రోడ్డు మీద ఈ పరీక్ష చేయవద్దు.

3. కారు లేపి స్టాండ్ల మీద నిలపాలి. చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపాలి. బేరింగు ఆట ఉంటే ముందు దాని సంగతి చూడాలి. వదులు బేరింగు మీద ఏ కొలతా నిలవదు.

4. చక్రం తీసి, డిస్కును నట్లతో గట్టిగా బిగించి ఉంచి, డయల్ గేజి మొనను డిస్కు అంచుకు సుమారు ఒక సెంటీమీటరు లోపల ఆనించి తిప్పాలి. చాలా కార్లకు ఊగులాట 0.1 మిల్లీమీటరు లోపే ఉండాలి. మీ కారు మాన్యువల్లో ఉన్నదే చివరి మాట.

5. మైక్రోమీటరుతో అంచుకు అంతే దూరంలో ఎనిమిది చోట్ల మందం కొలిచి కాగితం మీద రాసుకోవాలి. తేడా 0.02 దాటితే చాలా కార్లలో పాదానికి తెలిసిపోతుంది.

6. కాలిపర్ పిన్నులు వేళ్లతో నెడితే జారాలి. ఒకటి పట్టేసినా ప్యాడ్ డిస్కును వదలదు, వేడెక్కుతుంది, మచ్చలు పడతాయి.

బాగుచేయడం

ముందు హబ్బు ముఖం లోహం మెరిసేదాకా శుభ్రం చేయాలి. డిస్కు మందం మిగిలి ఉంటే రెండు వైపులా లేతు పట్టించవచ్చు. అయితే కనిష్ఠ మందం ఎంతో చాలా డిస్కుల మీద అచ్చువేసి ఉంటుంది. లేతు పట్టాక అంతకన్నా తగ్గకూడదు. తగ్గేటట్లుంటే కొత్తవే వేయాలి. ఏది చేసినా కుడి ఎడమలకు రెండింటికీ చేయాలి. కొత్త డిస్కు మీది నూనె పూత తుడవాలి. అరిగిన ప్యాడ్లు మళ్లీ వేయవద్దు. పిన్నులకు బ్రేకుల కోసం అమ్మే గ్రీజే పూయాలి, మామూలు గ్రీజుకు రబ్బరు ఉబ్బుతుంది. డ్రమ్ముకు కూడా గరిష్ఠ వ్యాసం రాసి ఉంటుంది, అది దాటితే పక్కన పెట్టాలి.

చక్రం నట్లు ఒకదాని పక్కది ఒకటి బిగించవద్దు. ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించి, చివరికి టార్క్ పానాతో మాన్యువల్ చెప్పిన లెక్కకు తేవాలి. పానాకు పైపు తగిలించి, ఎక్కి తొక్కి బిగిస్తే డిస్కు ఒరగవచ్చు.

చివరగా, కొత్త ప్యాడ్లను డిస్కుకు అలవాటు చేయాలి. 50 వేగం నుంచి 10 దాకా మెల్లగా తగ్గించడం, మళ్లీ వేగం అందుకోవడం, ఇలా పదిసార్లు. మధ్యలో పూర్తిగా ఆపి పెడల్ తొక్కిపట్టి ఉంచవద్దు. శ్రీశైలం డ్యాంకు దిగే ఘాటు లాంటి చోట్ల బ్రేకు మీదే కాలు ఉంచకుండా చిన్న గేరులో దిగితే డిస్కులు అంతగా వేడెక్కవు.

జాగ్రత్తలు

జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరవద్దు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. దుమ్మును గాలితో ఊదకుండా తడిగుడ్డతో తీయాలి. పని నేర్చుకునే తమ్ముళ్లు బ్రేకుల పని తెలిసిన మేస్త్రీ పక్కన ఉండగానే చేయాలి. ఇంకో మాట. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో తయారయ్యే కొత్త కార్లకు ఏ.బి.ఎస్. తప్పనిసరి అయింది. ఆ కార్లలో గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు పెడల్ దడదడలాడితే అది జబ్బు కాదు, చక్రం జారకుండా యంత్రం చేసే పని. అప్పుడు కాలు తీయవద్దు.

పెద్దాయనకు డిస్కులు మళ్లీ లేతు పట్టించి, ప్యాడ్లు వేసి, సాగర్ రోడ్డు మీద పక్కన కూర్చొని తిరిగాను. మొదటి రెండుసార్లు తీసుకున్న మజూరీ వాపసు ఇస్తే సగమే తీసుకున్నాడు. "మిగిలింది నువ్వు నేర్చుకున్నందుకు ఉంచుకో" అన్నాడు. ఆ డబ్బులకు ఇంకొంత కలిపి సొంత మైక్రోమీటరు కొన్నాను. ఇప్పటికీ దాన్నే వాడుతున్నాను.

పది చదివే తమ్ముళ్లు దసరా సెలవుల్లో ఊరికి పోయేముందు ఒక పూట మా షెడ్డుకు రండి. పాత డిస్కులు చాలా పడి ఉన్నాయి. ఎనిమిది చోట్ల కొలిచి కాగితం మీద రాయండి. తప్పు చదివితే మళ్లీ కొలిపిస్తాను. చాయ్ నేనే పోయిస్తాను.

– హాస్టల్ పూర్వ విద్యార్థి, మోటారు మెకానిక్, ఇబ్రహీంపట్నం