నడినెత్తిన రాతినార

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంటు వంటి పట్టణములలో, 1960, 70 ప్రాంతమున కట్టిన పాతయిండ్లను కొనుచున్న మన తెలుగువారికి, గృహప్రవేశమునకు ముహూర్తము నిశ్చయమైన మరుక్షణమున కంటిలో నలుసువలె తోచునది ఆ యింటి లోకప్పు. తెల్లని పిండిలో మరమరాలు కలిపి పైకి విసరికొట్టినట్లు గరుకుగరుకుగా వ్రేలాడు ఆ పూతను అక్కడివారు పాప్‌కార్న్ సీలింగు అందురు. "ఆ పొక్కుల కప్పు గీకించెయ్యరా నాయనా, పాలు పొంగించేలోపు నున్నగా అయిపోవాలి" అని ఊరినుండి వచ్చిన తల్లి అనుటయు, కుమారుడు శనివారమునాడు నిచ్చెన వేసికొని పనికి పూనుకొనుటయు, రాలినదానిని ఊడ్చుటకు ఆమె చీపురు పట్టుకొని క్రింద నిలుచుటయు మన యిండ్లలో జరుగగల ముచ్చటయే. ఆ దృశ్యమున నాకు మిక్కిలి భయము గొల్పునది ఆమె చేతి చీపురు.

ఏలయన ఆ పూతలో ఆస్‌బెస్టాసు ఉండవచ్చును. తెలుగులో దీనికి రాతినార యని సార్థకమైన పేరొకటి కలదు: శిలయై పుట్టి, దంచినకొలది నూలువలె చీలుచు, నిప్పునకు కాలని విచిత్రద్రవ్యమిది. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఇండ్లు త్వరత్వరగా లేవవలసి వచ్చినప్పుడు, జిప్సమ్ పలకల అతుకులు కానరాకుండ కప్పుటకును, గదిలో ప్రతిధ్వని నణచుటకును, పనివాని కూలి తగ్గించుటకును ఈ పిచికారీ పూత మిక్కిలి అనుకూలించెను. అందు తరచుగా నూటికి ఒకటి మొదలు పది పాళ్లవరకు రాతినార కలిపెడివారు. న్యూయార్కులోని మౌంట్ సైనై వైద్యాలయమునకు చెందిన ఇర్వింగ్ సెలికాఫ్, ఈ నారతో జీవితమంతయు పనిచేసిన కార్మికుల రోగములను 1964లో లోకమునకు వెల్లడించెను. అగ్నినిరోధమునకై దీనిని పిచికారీ చేయుటను 1973లోను, అలంకారమునకై చేయుటను 1978లోను అమెరికా ప్రభుత్వము నిషేధించెను. ఐనను నిలువయున్న సరకును వాడుకొనుటకు అడ్డులేకపోవుటచేత, 1980 తరువాత కట్టిన కొన్ని యిండ్లలోను అది కానవచ్చుచున్నది.

కంటికి కానరాని ఆ పోగులు ఊపిరితో లోనికి పోయి, శరీరము కరగింపజాలనివై ఏండ్లతరబడి నిలిచియుండి, ఆస్‌బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సరు, వానిని చుట్టియున్న పొరకు వచ్చు మెసోతీలియోమా అను ఘోరవ్యాధులకు కారణమగును. పీల్చిన నాటికిని రోగము బయటపడిన నాటికిని నడుమ ఇరువది, ముప్పది, నలువది వత్సరములైనను గడచును. అందుచేతనే గీకిననాడు గీకినవానికి ఏమియు కాలేదన్న మాట సాక్ష్యముగా పనికిరాదు.

ఇక్కడ ఆ తల్లి అడుగదగిన ప్రశ్న యొకటి కలదు: "నలభై ఏళ్లు సిమెంటు రేకుల కింద కాపురం చేశాం, మాకేమైంది?" ప్రశ్న సహేతుకమే. ఆ రేకులలో నున్నదియు రాతినారయే. కడపజిల్లా పులివెందుల ప్రాంతమున దీనిని ఒకప్పుడు గనులనుండి తీసిరి. ఈమె కుమారుడు చేరిన కాలిఫోర్నియా 1965లో తన రాష్ట్రశిలగా స్వీకరించిన సర్పెంటైను సైతము, విచిత్రముగా, ఈ నారకు పుట్టినిల్లే! కాని రేకులో నార సిమెంటున గట్టిగా బిగిసియుండును. కోసినప్పుడో, పగిలినప్పుడో, శిథిలమైనప్పుడో గాని అంతగా వెలికి రాదు. పాప్‌కార్న్ పూత యట్లు కాదు, రెండువ్రేళ్ల నడుమ నలిపిన పొడియగును. అదియైనను చెక్కుచెదరక, తడిసి ఊడక, ఎవరును ముట్టక యున్నంతకాలము పోగులను గాలిలోనికి విడువదు. కాబట్టి పాతకప్పునకు తొలిచికిత్స దానిని కదపకుండుటయే. ఫ్యాను కొక్కెమునకు రంధ్రము వేయరాదు, ఉయ్యాల వ్రేలాడదీయరాదు, పుట్టినరోజు తోరణములను అంటించి మరునాడు పీకరాదు.

కప్పు తీసివేయదలచినచో ముందు పరీక్ష చేయింపవలెను. కేవలము చూచి ఉన్నదనియో లేదనియో చెప్పగల మేస్త్రీ లోకములో లేడు. శిక్షణగలవాడు ఫ్యానును, ఏసీని ఆపి, పూతను నీటితో తడిపి, ఒకటికి రెండుచోట్ల చిటికెడు నమూనా తీసి, సంచిలో మూసి, గుర్తింపుపొందిన ప్రయోగశాలకు పంపును. అచ్చట ధ్రువితకాంతి సూక్ష్మదర్శినిక్రింద చూచి, నూటికి ఒకపాలు మించినచో ఆస్‌బెస్టాసు ద్రవ్యముగా పరిగణింతురు. అట్లు తేలినను గత్యంతరము లేకపోలేదు: అట్లే విడువవచ్చును, శిక్షణపొందినవారిచేత క్రిందుగా కొత్త పలకలు బిగింపించి కప్పివేయవచ్చును, లేదా గదిని ప్లాస్టిక్ తెరలతో బంధించి తడితడిగా తొలగించు అనుమతిగల పనివారిని పిలువవచ్చును. ఈ మూడవది ఖర్చుతో కూడినది, నా దృష్టిలో చాలమందికి అనవసరమైనది కూడ. పొడిగా గీకుట, గరుకుకాగితముతో రుద్దుట, మామూలు వాక్యూమ్ క్లీనరుతో పీల్చుట, చీపురుతో ఊడ్చుట మాత్రము ఎన్నడును కూడదు. క్రిందపడిన పోగులను మరల గదియంతట లేపునవి ఇవియే.

ముహూర్తము దగ్గరపడినదని తొందరపడకుడు. ఫలితము చేతికి వచ్చువరకు నిచ్చెనను గ్యారేజీలోనే ఉంచి, పాలు ఆ పొక్కుల కప్పు క్రిందనే పొంగించుకొనుడు.