అశ్వత్థామకు మాఫీ ఎవరివ్వాలి?

తప్పు చేసిన సూపర్‌హీరోను శిక్షించాలా, క్షమించాలా అని అమెరికా కామిక్స్ అభిమానులు దశాబ్దాలుగా కొట్లాడుకుంటున్నారు. మన కథల్లో ఆ తగువు అంతకంటే పాతది, ముడి కూడా గట్టిదే.

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో న్యూ సెటిల్‌మెంట్ ఒకటి. 'న్యూ' అన్న మాట పేరులోనే. ఇక్కడి తెలుగువాళ్లు మాత్రం కొత్తవాళ్లు కారు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వర్క్‌షాపు పనికి, యార్డు పనికి వచ్చిన కుటుంబాల మనవలు, మునిమనవలు ఇప్పుడు ఈ ఊరివాళ్లే. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బజారులో బెంగాలీ. 2020 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు అందరి నోటా వినిపించిన పేరు ఖరగ్‌పూరే.

ఇన్ని భాషలున్నచోట హీరోలూ అన్ని రకాలుగా దొరుకుతారు. బెంగాలీ పిల్లల మొనగాడు బాంటుల్ ది గ్రేట్. నారాయణ్ దేబ్‌నాథ్ 1965లో గీసిన ఈ భారీకాయుడి ఛాతీకి తగిలితే తుపాకీ గుండు కూడా వెనక్కి తిరగాల్సిందే. అతని మీద వాదించుకోవడానికి ఏమీ లేదు. నేరమంటూ చేస్తే కదా! హిందీలో రాజ్ కామిక్స్ వారి నాగరాజ్ సంగతి అలా కాదు. 1986లో తొలిసారి కనిపించినప్పుడు అతను ప్రొఫెసర్ నాగమణి ఉగ్రవాదుల కోసం తయారు చేసిన ఆయుధం. తలలో అమర్చిన క్యాప్సూల్‌ను బాబా గోరఖ్‌నాథ్ తీసేయడంతో నాగరాజ్ మంచివాడైపోయాడు. అంతకుముందు చేసినదానికి లెక్క చెప్పమని అతణ్ని పెద్దగా ఎవరూ నిలదీయలేదు. తప్పంతా క్యాప్సూల్‌ది కదా.

ఆ క్యాప్సూల్‌ను కాస్త గుర్తుంచుకుంటే డీసీ కామిక్స్ వారి గ్రీన్ లాంటర్న్ కథ తేలిగ్గా అర్థమవుతుంది.

హాల్ జోర్డాన్ 1959లో పుట్టిన పాత్ర. భయమెరుగని వాడని పేరు. 1993లో వచ్చిన ఒక కథలో అతని ఊరు కోస్ట్ సిటీ బూడిదైంది. 70 లక్షల మంది చనిపోయారు. మరుసటి ఏడాది రచయిత రాన్ మార్జ్ మూడే మూడు సంచికల్లో ఆ హీరోను తలకిందులు చేశారు. ఊరిని ఉంగరం శక్తితో మళ్లీ నిలబెట్టబోయిన జోర్డాన్‌ను పై అధికారులైన గార్డియన్లు వారించారు. దాంతో దుఃఖం ఉన్మాదమైంది. అడ్డొచ్చిన సాటి లాంటర్న్‌ల ఉంగరాలు లాక్కున్నాడు. తనకు శిక్షణ ఇచ్చిన కిలోవాగ్‌ను చంపాడు. దళం మొత్తాన్నీ కూల్చి, పారలాక్స్ అని కొత్త పేరు పెట్టుకున్నాడు. ఉంగరం కైల్ రేనర్ అనే కుర్రాడి చేతికి వెళ్లింది.

అభిమానులు భగ్గుమన్నారు. 'హీట్' అనే పేరుతో సంఘం కట్టారు. చందాలు పోగేసి ఒక కామిక్స్ పత్రికలో ప్రకటన వేయించారు. రచయితకు బెదిరింపులు కూడా వెళ్లాయి. (మన హీరోల అభిమాన సంఘాలను చూసినవారికి ఇందులో వింతేమీ కనిపించదు.) ఆసక్తి కలిగించేది వాళ్లు కోరిన న్యాయం. తమ హీరో పశ్చాత్తాపపడితే వాళ్లకు చాలదు. అసలు అతను తప్పే చేయలేదని తేలాలి.

కంపెనీ మొదట ప్రాయశ్చిత్తం దారి పట్టింది. 1996లో ఆరిపోతున్న సూర్యుణ్ని వెలిగించడానికి జోర్డాన్ ప్రాణమిచ్చాడు. 1999లో పాపులను శిక్షించే స్పెక్టర్ అనే ఆత్మకు అతన్ని ఆవాసం చేశారు. హంతకుడే న్యాయమూర్తి అయ్యాడన్నమాట. 2001లో మొదలైన స్పెక్టర్ పత్రికలో రచయిత జె.ఎం. డిమాటిస్ ఇంకో అడుగు ముందుకేసి, ప్రతీకారానికి పుట్టిన ఆ శక్తిని పరివర్తన వైపు మళ్లించబోయారు. కాగితం మీద ఇదంతా ఎంతో బరువైన కథ. కానీ అభిమానులకు కావలసింది బరువు కాదు, పాత ఉంగరం.

2004-05లో జెఫ్ జాన్స్ రాసిన 'రీబర్త్' దాన్ని తిరిగిచ్చింది. పారలాక్స్ అనేది జోర్డాన్ పెట్టుకున్న మారుపేరు కాదట. అది భయానికి రూపమైన ఒక పురాతన పసుపు పురుగు. ఎన్నడో బంధించిన ఆ పురుగు అదను చూసి అతనిలో దూరిందట. నేరాలన్నీ దాని ఖాతాలోకి వెళ్లిపోయాయి. జోర్డాన్ మళ్లీ హీరో అయ్యాడు, పత్రిక బ్రహ్మాండంగా నడిచింది. నాగరాజ్ తలలోని క్యాప్సూల్‌కూ దీనికీ తేడా ఖరీదులోనే.

అందరికీ అంత తేలిగ్గా విడుదల దొరకలేదు. మార్వెల్ వారి హాంక్ పిమ్ చీమల ప్రమాణానికి కుదించుకోగల శాస్త్రవేత్త, అవెంజర్స్ వ్యవస్థాపకుల్లో ఒకడు. 1981 నాటి 'అవెంజర్స్' 213వ సంచికలో భార్య జానెట్‌ను కొట్టాడు. ఆ ఒక్క బొమ్మ అతన్ని ఇప్పటికీ వదల్లేదు. తాను రాసింది విసుగులో చేయి విసిరితే పొరపాటున తగలడమేననీ, చిత్రకారుడు దాన్ని నిండు దెబ్బగా గీశాడనీ రచయిత జిమ్ షూటర్ 2011లో వివరణ ఇచ్చారు. అయినా లాభం లేకపోయింది. ఒక దళాన్ని తుడిచిపెట్టినవాడికి దొరికిన మాఫీ ఒక్క చెంపదెబ్బకు ఎందుకు దొరకలేదు? కారణం మరీ లోతైనది కాదు. గ్రహాంతర సైనికుల చావు పాఠకుడికి బొమ్మల్లోని చావే. భార్య మీద చేయి లేవడం మాత్రం చాలామంది పాఠకులు పక్కింట్లోనో, తమ ఇంట్లోనో చూసినదే. చూసినదాన్ని ఏ పురుగు మీదికీ నెట్టలేం.

తెలుగువాళ్లు ఈ పంచాయితీకి ఆలస్యంగా వచ్చారనుకుంటే పొరపాటు. 1977లో 'దానవీరశూర కర్ణ'లో ఎన్.టి. రామారావు కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు తానే అయ్యారు. హాలు దాటి బయటికి వచ్చిన జనం ఎక్కువగా మోసుకొచ్చింది దుర్యోధనుడి మాటలనే. 2024 జూన్‌లో నాగ్ అశ్విన్ 'కల్కి 2898 ఏడీ' వచ్చాక కర్ణుడు గొప్పవాడా, అర్జునుడు గొప్పవాడా అన్న వాదన తెలుగు ప్రేక్షకులున్న ప్రతిచోటా మళ్లీ రాజుకుంది. నిండు సభలో ద్రౌపది గురించి కర్ణుడన్న మాటలను ఒక వర్గం గుర్తు చేస్తే, పుట్టుక నుంచీ అతనికి జరిగిన అన్యాయాన్ని ఇంకో వర్గం ముందుకు తెచ్చింది. ఆ హోరులో అసలు ముద్దాయి తప్పించుకున్నాడు. అమితాబ్ బచ్చన్ పోషించిన అశ్వత్థామ.

సినిమాలో ఆయన నేరం ఉత్తర గర్భంలోని శిశువు మీదికి అస్త్రం వేయడం. శిక్ష చావు లేకపోవడం. విముక్తి కల్కి తల్లిని కాపాడటం. గర్భం మీద చేసిన నేరానికి గర్భాన్ని కాపాడి చెల్లు వేయడం లెక్కకు చక్కగా సరిపోతుంది. అయితే ఆ లెక్కలో సౌప్తిక పర్వంలోని ఆ రాత్రి లేదు.

తెలుగులో ఆ పర్వం తిక్కన చేతిది. కథ తెలిసిందే. యుద్ధం ముగిసింది. మర్రిచెట్టు మీద నిద్రపోతున్న కాకులను గుడ్లగూబ చంపడం చూసి అశ్వత్థామకు ఉపాయం తట్టింది. తెల్లవారనివ్వమని, పెద్దలను అడగమని మేనమామ కృపుడు బతిమాలాడు. వినలేదు. తండ్రిని చంపిన ధృష్టద్యుమ్నుణ్ని, ద్రౌపది అయిదుగురు కొడుకులను ఆ రాత్రే చంపాడు. వారించిన ఆ కృపుడే శిబిరం వాకిట్లో కృతవర్మతో కలిసి నిలబడి పారిపోయేవాళ్లను నరికాడు.

ఇక్కడే జెఫ్ జాన్స్ చదివి ఉంటే ఉలిక్కిపడాల్సిన సంగతి ఒకటుంది. వ్యాసుడి కథలో శిబిరంలోకి అడుగుపెట్టే ముందు శివుడు అశ్వత్థామకు కత్తి ఇచ్చి, తానే అతని ఒంట్లో ప్రవేశిస్తాడు. అంటే పురుగు ఇక్కడా ఉంది, అదీ సాక్షాత్తూ దేవుడే. ఒక్కడు ఇంతమందిని ఎలా చంపాడని ధర్మరాజు తర్వాత అడిగితే, అది ద్రోణుడి కొడుకు పని కాదు, మహాదేవుడి ప్రసాదమని కృష్ణుడే చెబుతాడు. కామిక్స్‌లో అయితే కథ అక్కడితో సుఖాంతం. భారతంలో కాదు. మూడు వేల ఏళ్లు చీము నెత్తురు కంపుతో ఒంటరిగా తిరగమని శపించింది కూడా ఆ కృష్ణుడే. శాపం రద్దు కాలేదు. ధర్మరాజుకు చెప్పిన మాట కొడుకులను పోగొట్టుకున్నవాడికి ఓదార్పు. అశ్వత్థామకు అది బెయిలు కాదు. ఈ రెండు మాటలనూ ఒకే నోట పలికించి, రెండింటినీ అలాగే వదిలేయడం వ్యాసుడి ధైర్యం. కామిక్స్ కంపెనీలకు ఆ ధైర్యం లేదు, వాటికి వచ్చే నెల సంచిక అమ్ముడుపోవాలి.

పోతన భాగవతంలో కథ ఇంకోలా నడుస్తుంది. అర్జునుడు కట్టి తెచ్చి ముందు పడేసిన గురుపుత్రుణ్ని ద్రౌపది వదిలేయమంటుంది. తనలాగే అతని తల్లి కృపి కూడా కడుపుకోతతో ఏడవకూడదంటుంది. చంపాలన్నది భీముడు. చివరకు తల గొరిగి, మణి కోసుకుని తరిమేశారు. క్షమ గురించి మాట్లాడేవారు ఇక్కడ ఆగిపోతారు. పోతన ఆగలేదు. ఆ క్షమ తర్వాతే అశ్వత్థామ ఉత్తర గర్భం మీదికి అస్త్రం వదిలాడు. ప్రాణం దక్కించుకున్నవాడు మారలేదు. అంతమాత్రాన ద్రౌపది చేసింది తప్పని భాగవతం అనదు.

క్షమించే హక్కు ఎవరిదన్న ప్రశ్న రాజకీయాల్లోనూ తేలలేదు. వర్ణవివక్ష పోయాక దక్షిణాఫ్రికా 1996లో సత్య, సయోధ్య కమిషన్‌ను పనిలోకి దింపింది. నిజం పూర్తిగా ఒప్పుకున్నవారికి క్షమాభిక్ష అన్నది దాని షరతు. 1977లో పోలీసు నిర్బంధంలో చనిపోయిన స్టీవ్ బికో కుటుంబం దీన్ని కోర్టులో సవాలు చేసింది. తమకు జరిగినదాన్ని ప్రభుత్వం ఎలా మాఫీ చేస్తుందన్నది వాళ్ల అభ్యంతరం. కోర్టు చట్టాన్నే సమర్థించింది. అయితే 1999లో కమిషన్ బికో కేసు పోలీసులకు క్షమాభిక్ష నిరాకరించింది. వాళ్లు నిజం చెప్పలేదని తేల్చింది.

హాల్ జోర్డాన్‌ను క్షమించినవాళ్లు కోస్ట్ సిటీ జనం కారు, కిలోవాగ్ కూడా కాదు. ఉంగరం తిరిగి కావాలనుకున్న పాఠకులు. కర్ణుడి మీద ఇటూ అటూ కొట్లాడుకున్న మనవాళ్లదీ ఆ వరసే. భారతంలో మాత్రం అశ్వత్థామ తల మీది మణి తెచ్చి ఇవ్వమని పట్టుబట్టింది ద్రౌపది. చూసి, దాన్ని ధర్మరాజు తలకు పెట్టించింది కూడా ద్రౌపదే. సినిమాలో ఆ మణి మళ్లీ అశ్వత్థామకు చేరుతుంది. అప్పుడు ద్రౌపదిని ఎవరూ అడగలేదు.