బంధువులు కొండకు... మేం సిమ్లాకు!

తిరుపతిలో సొంతిల్లు ఉంటే ఎలా ఉంటుందో తిరుపతి వాళ్లనే అడగాలి. ఏడాది పొడుగునా ఫోన్లే. ‘వదినా, వచ్చే శనివారం కొండకు వస్తాండాం. ఎనిమిది మందిమి. వెంకటాద్రికి టికెట్లు చేసిపెట్టు. లెక్క వచ్చినాక ఇస్తాం’ అని కర్నూలు నుంచి ఆడపడుచు. ఆ ఫోన్ పెట్టేలోగా హైదరాబాదు నుంచి పెదనాన్న కొడుకు. రైలు టికెట్లు, మూడొందల దర్శనం టికెట్లు, గదులు... అన్నీ మేమే చూడాలి. వచ్చినవాళ్లకు వండి, వార్చి, దారిలో తినడానికి పులిహోర కట్టి పంపేసరికి ఎండాకాలం సెలవులు కాస్తా అయిపోయేవి. ‘అందరూ మనూరికి వస్తారు. మనమెప్పుడు వేరే ఊరికి పోయేది?’ అని పిల్లలు అడిగితే ఏం చెప్పాలో తెలిసేది కాదు.

జవాబు ఆ టికెట్లలోనే దొరికింది. రైలు టికెట్ల కోసమే ఉన్న క్రెడిట్ కార్డు ఒకటి మావారు తీసుకున్నారు. ఐఆర్‌సీటీసీ, ఎస్‌బీఐ కలిసి ఇచ్చే ఇలాంటి కార్డుతో ఏసీ టికెట్లు కొంటే షరతులను బట్టి పది శాతం దాకా పాయింట్ల రూపంలో వెనక్కి వస్తుంది. ఒక్కో పాయింటు ఒక రూపాయితో సమానం. బంధువుల టికెట్లన్నీ ఆ కార్డుతోనే తీశాం. వాళ్లిచ్చిన డబ్బు ఇచ్చినట్టే బిల్లుకు కట్టేశాం. రెండేళ్లకు తొమ్మిది వేల పైచిలుకు పాయింట్లు పోగయ్యాయి. నలుగురం ఏపీ సంపర్క్ క్రాంతిలో ఢిల్లీ చేరడానికి అవి సరిపోయాయి. తిరుగు టికెట్లు, హోటలు మా జేబులోంచే. అయినా సగం దారి ఉచితమైతే అడుగు బయటపెట్టడానికి ధైర్యం వస్తుంది కదా!

పాయింట్లు ఎవరిస్తారు?

క్రెడిట్ కార్డు మనకు కొత్తదేం కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రాబ్యాంకు, 1981లోనే కార్డులు ఇచ్చింది. దేశంలో ఈ పని మొదలుపెట్టిన తొలి బ్యాంకుల్లో అదొకటి. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. అదే 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థ తరచూ తన విమానాలు ఎక్కేవారికి ‘మైళ్లు’ లెక్కగట్టి ఉచిత టికెట్లివ్వడం ప్రారంభించింది. ఆ మైళ్లూ ఈ కార్డులూ తర్వాత జతకట్టాయి.

ఇంతకీ ఆ డబ్బు ఎక్కడిది? మనం కార్డు గీకిన ప్రతిసారీ దుకాణదారు కొంత రుసుము చెల్లిస్తాడు. అందులో కొంత కార్డిచ్చిన బ్యాంకుకు చేరుతుంది. దాంట్లోంచి చిటికెడు మనకు పాయింట్లుగా వస్తుంది. గడువులోగా బిల్లు కట్టనివాళ్ల నుంచి వచ్చే వడ్డీ బ్యాంకుకు అదనపు ఆదాయం. అంటే బిల్లు పూర్తిగా కట్టేవాళ్లకు లాభం, కట్టనివాళ్ల మీద భారం.

ఆ ఒక్క నెల...

ఈ సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. ఒకసారి పెళ్లి బృందానికి నలభై వేల రూపాయల టికెట్లు తీశాం. వాళ్ల డబ్బు సమయానికి రాలేదు. ‘కనీస మొత్తం కడితే చాలు’ అని బిల్లులో ఉంటే నమ్మి అంతే కట్టాం. కనీస మొత్తం కడితే ఆలస్య రుసుము తప్పుతుందంతే. వడ్డీ తప్పదు. ఆ తర్వాత కొన్నవాటికి కూడా వడ్డీలేని గడువు పోతుంది.

లెక్క చూడండి. నెలకు మూడున్నర శాతం చొప్పున నలభై వేలకు వడ్డీ 1,400 రూపాయలు. దానిమీద 18 శాతం జీఎస్‌టీ 252. మొత్తం 1,652. ఇక మామూలు కార్డు సంగతి. వందకు రెండు పాయింట్లు, పాయింటుకు పావలా అనుకుందాం. లక్ష రూపాయలు ఖర్చుపెడితే వచ్చేది ఐదొందలే. అంటే మూడు లక్షలు ఖర్చుపెట్టి కూడబెట్టిన పాయింట్లు ఒక్క నెల వడ్డీకి చాలవన్నమాట! ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒకటే నియమం. డబ్బు చేతికొచ్చాకే టికెట్.

అమెరికాలో పిల్లలున్న ఇళ్లలో ఈ లెక్కలు ఇంకా పెద్దవి. అక్కడ కొత్త కార్డు తీసుకుని నిర్ణీత మొత్తం ఖర్చుపెడితే ఒకేసారి వేల పాయింట్లిస్తారు. వాటితోనే అమ్మానాన్నలకు విమానం టికెట్లు తీసేవాళ్లున్నారు. పన్నులు, రుసుములు మాత్రం చేతి నుంచి కట్టాల్సిందే.

ఇవి గుర్తుంచుకోండి

* పాయింటు విలువ ముందే తెలుసుకోండి. కార్డును బట్టి, దేనికి వాడుకుంటున్నామన్నదాన్ని బట్టి అది మారుతుంది. వస్తువుల కంటే ప్రయాణానికి వాడితే కొన్ని కార్డుల్లో ఎక్కువ విలువ వస్తుంది.

* పెట్రోలు, ఇంటి అద్దె, వాయిదాల కొనుగోళ్లకు చాలా కార్డులు పాయింట్లివ్వవు. వార్షిక రుసుము, పాయింట్లు మార్చుకోవడానికి వసూలు చేసే రుసుము కూడా లెక్కలో వేసుకోండి.

* పాయింట్లను ఏళ్ల తరబడి దాచొద్దు. చాలా కార్డుల్లో వాటికి గడువుంటుంది. 2012లో కింగ్‌ఫిషర్ విమానాలు ఆగిపోయాక, దాని మైళ్లు పోగేసుకున్నవాళ్లకు ఎక్కడానికి విమానమే లేకపోయింది.

* రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకోవడానికి రిజర్వు బ్యాంకు 2022లో వీలు కల్పించింది. కిరాణా కొట్లో క్యూఆర్ కోడ్‌తో కట్టినా పాయింట్లు వస్తాయా అని మీ బ్యాంకును అడగండి.

* బంధుమిత్రులకు టికెట్లు తీసివ్వడం తప్పుకాదని రైల్వే 2024లో స్పష్టం చేసింది. పైన డబ్బు తీసుకుని అమ్మితే మాత్రం నేరం. ఆధార్ అనుసంధానం లేని ఖాతాలో నెలకు 12 టికెట్లు, ఉంటే 24 అన్న పరిమితి 2022లో వచ్చింది.

* 2024 నవంబరు నుంచి రైలు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. సెలవుల ప్రయాణానికి ఆ తేదీ నాటికి పాయింట్లు సిద్ధంగా ఉండాలి.

కల్కా నుంచి సిమ్లాకు 1903 నాటి బొమ్మరైలు. సొరంగం వచ్చిన ప్రతిసారీ పిల్లలు అరిచి గోల చేస్తున్నారు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. కర్నూలు ఆడపడుచు.

‘వదినా, యాడుండారు?’

‘సిమ్లాలో!’

‘అట్లనా! మంచిది పోండి. వచ్చే నెల కొండకు వస్తాం, టికెట్లు...’

‘చేసిపెడతాలేమ్మా. లెక్క మాత్రం ముందే పంపించు!’