మీకు తెలుసా? దొర బంగ్లాకు ఐలమ్మ పేరు

లింగాల ఘనపూర్ చుట్టుపక్కల పెద్ద భవనమంటే దేశ్‌ముఖ్‌ల గడులే గుర్తొస్తాయి. ఇంగ్లండ్ పల్లెల్లో జమీందార్లు కట్టుకున్న రాతి మేడల పోలిక చూడాలంటే మాత్రం హైదరాబాద్ కోఠికి వెళ్లాలి.

అక్కడి బ్రిటిష్ రెసిడెన్సీని 1803 ప్రాంతంలో మొదలుపెట్టింది నిజాం కొలువులోని బ్రిటిష్ ప్రతినిధి (రెసిడెంట్) జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్. నక్షా గీసింది శామ్యూల్ రస్సెల్, సొమ్ము నిజాంది! నక్షా కాగితం తన రాజ్యం పటమంత ఉందని నిజాం బెదిరి కాదన్నాడట. చిన్న అట్టముక్క మీద గీసి చూపిస్తే సరేనన్నాడట. కల్పితమైనా భలే కథ.

ముందు ఆరు కొరింథియన్ స్తంభాలు, మెట్లకు అటూ ఇటూ సింహాలు, లోపల రెండంతస్తుల ఎత్తున దర్బారు హాలు. స్తంభాల మీద రాయిలా మెరిసేది గచ్చు పూతే. తోటలో ఇదే భవనానికి ఒక బుల్లి నమూనా కూడా ఉంది. భార్య ఖైరున్నీసా పరదా దాటి ముందువైపు రాలేదు కాబట్టి, ఆమె చూడటానికి కిర్క్‌పాట్రిక్ దాన్ని కట్టించాడని చెబుతారు.

1857 జూలై 17న బ్రిటిష్‌వాళ్ల మీద తిరగబడ్డ తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల దళం ఈ రెసిడెన్సీ మీదే విరుచుకుపడింది.

స్వాతంత్ర్యం తర్వాత ఇది ఆడపిల్లల కాలేజీ అయింది, ఆపైన మహిళా విశ్వవిద్యాలయం. 2024లో దానికి పెట్టిన పేరు వీరనారి చాకలి ఐలమ్మ. అవును, విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి తన పొలాన్ని, పంటను వదలనన్న మన పాలకుర్తి ఐలమ్మే.