చిన్న పరిశ్రమలు – రక్షణ పరిశోధన : పావగడ సీమకు గల సంబంధము

దేశరక్షణకు వలసిన క్రొత్త పరికరములను పెద్ద కర్మాగారములే కల్పింపవలెనను అభిప్రాయము లోకమున బలముగా నాటుకొనియున్నది. చరిత్ర దీనిని పూర్తిగా సమర్థింపదు. హైదరలీ, టిప్పుసుల్తానుల కాలమున మైసూరు సైన్యము ప్రయోగించిన తారాజువ్వలే ఇందుకు తార్కాణము. జువ్వకు ఇనుపగొట్టము వాడుటచే మందు ఒత్తిడిని ఓర్చుకొను శక్తి హెచ్చి, అది మిక్కిలి దూరము పోగలిగెను. 1780లో పొల్లిలూరు యుద్ధమున ఆంగ్లేయసేన వీని దెబ్బ చవిచూచెను. 1799లో శ్రీరంగపట్టణము పడిపోయిన పిమ్మట చిక్కిన జువ్వలు ఇంగ్లండు చేరి విలియం కాంగ్రీవు ప్రయోగములకు ప్రేరణమయ్యెను. కమ్మరి నేర్పునకు దొరతనమువారి ధనము తోడైన ఫలమది.

ఆ మైసూరు సీమలోనిదే పావగడ తాలూకా. తుమకూరు జిల్లాకు చెందినదైనను దీనిని చాలవరకు ఆంధ్రదేశపు భూములే చుట్టియున్నవి. ఇంట తెలుగు, కచేరిలో కన్నడము ఇచ్చటి వారికి సహజము. వానలు తక్కువ, వేరుసెనగ ప్రధానమైన మెట్టపంట. అయితే ఈ ఎండిన నేలకు చుట్టుపట్ల ఇటీవల రక్షణ సంస్థలు వెలసినవి. పొరుగున చల్లకెరె తాలూకాలో రక్షణ పరిశోధన సంస్థవారి వైమానిక పరీక్షాక్షేత్రము 2017లో ప్రారంభింపబడెను. రుస్తుం-2 అను మానవరహిత విమానము అంతకుముందే, 2016 నవంబరులో, అచ్చట తొలిసారి ఎగిరెను. అదే జిల్లాలోని గుబ్బి తాలూకాలో హిందూస్థాన్ ఏరోనాటిక్స్ వారి హెలికాప్టరు కర్మాగారము 2023 ఫిబ్రవరి 6న ప్రారంభమయ్యెను. ఇక ఈ పనులలో చిన్న పరిశ్రమకు చోటెట్లు కలుగునో తెలిసికొనవలసియున్నది.

క్రొత్త ఆలోచన ఫలించునో లేదో ముందుగా ఎవరును చెప్పజాలరు. బ్యాంకు దానికి అప్పియ్యదు. పెద్ద సంస్థ తన నడచుచున్న ఉత్పత్తిని వదలి దానివెంట పోదు. ఈ చిక్కును గుర్తించి అమెరికాలో జాతీయ విజ్ఞాన సంస్థకు చెందిన రోలండ్ టిబెట్స్ 1977లో ఒక ప్రయోగము నడపెను. 1982లో అది చట్టమయ్యెను. ప్రభుత్వశాఖలు తమ పరిశోధన వ్యయములో కొంతభాగము చిన్న సంస్థలకే కేటాయింపవలెనని దాని సారము. మొదటి దశలో ఆలోచన సాధ్యాసాధ్యముల పరిశీలన, రెండవ దశలో నమూనా తయారీ. మూడవదియగు విక్రయదశకు మాత్రము ఈ నిధినుండి ధనము లేదు.

భారతదేశమున ఇట్టి పథకము ఐడెక్స్ అను పేర 2018 ఏప్రిలులో మద్రాసు చెంత జరిగిన రక్షణ ప్రదర్శనమున ఆరంభింపబడెను. త్రివిధ దళములు తమకు గల చిక్కులను ప్రశ్నల రూపమున ప్రకటించును. దానికి పరిష్కారము చూపగల చిన్న సంస్థ దరఖాస్తు చేసికొనును. ఎన్నికైనచో తొలి పథకము క్రింద ఒకటిన్నర కోటి రూపాయల వరకు సాయము లభించును. 2022లో ఐడెక్స్ ప్రైమ్ క్రింద దీనిని 10 కోట్లకును, 2024లో అదితి పథకము క్రింద 25 కోట్లకును పెంచిరి.

సర్కారు ధనమనగానే ఉచితధనమని తలచువారు గలరు, అది పొరపాటు. ప్రభుత్వ మిచ్చునంత సొమ్మును సంస్థయు పెట్టవలెను. మూడు కోట్ల పనియైనచో సగము తన చేతినుండి రావలెను. మిగిలిన సగమును ఒక్కసారి చేతికందదు; పని ఒక్కొక్క మెట్టు పూర్తియైన కొలది విడుదలయగును. హిందూపురము వంటి పట్టణములోని చిన్న లేతుషాపు యజమానికి సాంకేతిక జ్ఞానముకంటె ఈ సగము సొమ్మే పెద్ద అడ్డుగోడ. నమూనా నెగ్గినను సైన్యము వెంటనే కొనునన్న పూచీ లేదు. పరీక్షలు, ధరల సంప్రదింపులు సాగునంతకాలము పనివాండ్ర జీతములు ఆగవు. చిన్న సంస్థలకు ప్రాణాపాయమైన ఘట్టమిదియే. ఈ పథకములను పొగడువారు దీనిని తరచు మరచిపోవుదురు.

హైదరాబాదు ఈ దారిలో ముందు నడచుటకు కారణము వేరుగా వెదకనక్కరలేదు. క్షిపణి పరిశోధనశాల అచ్చట 1960 దశాబ్దపు ఆరంభముననే నెలకొనెను. 1970లో భారత్ డైనమిక్స్ స్థాపితమయ్యెను. 1983లో అబ్దుల్ కలాం నాయకత్వమున సమగ్ర క్షిపణి కార్యక్రమము మొదలయ్యెను. భాగములు కావలసిన శాస్త్రజ్ఞుడును, వానిని చెక్కి ఇచ్చు పనివాడును ఒకే ఊరిలో నుండుటచే, చెడిన భాగమును ఆ సాయంకాలమే సరిదిద్దుకొనగలిగిరి. అస్త్ర మైక్రోవేవ్ 1991లోను, శిక్షణా యంత్రములు చేయు జెన్ టెక్నాలజీస్ 1993లోను ఆ వాతావరణమునుండియే వెలువడెను.

పావగడకు ఆ సామీప్యము క్రొత్తగా లభించినది. కాని సామీప్యము మాత్రమే చాలదనుటకు నిదర్శనము తాలూకాలోనే యున్నది. తిరుమణి చుట్టుపట్ల ఐదు గ్రామములలో సుమారు 13,000 ఎకరములలో 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము నిర్మింపబడెను. ఎకరమునకు ఏటికి 21,000 రూపాయల కౌలుతో ఆరంభమైన ఆ ఏర్పాటు రైతునకు నిలుకడగల రాబడి నిచ్చెను. అయినను పలకల తయారీ ఇచ్చట జరుగలేదు. భూమికి బాడుగ వచ్చినది, విద్య రాలేదు.

ఇచ్చటి పాలిటెక్నిక్ విద్యార్థికి, వెల్డింగు పనివానికి వెంటనే కావలసినది నమూనాను పరీక్షించుకొను తావు. పరీక్షాశాలల నిర్మాణ వ్యయమున 75 వంతులు వరకు భరించు నొక పథకమును కేంద్రప్రభుత్వము 2020లో 400 కోట్లతో ప్రకటించెను. మిగిలిన 25 వంతులు పరిశ్రమలును, రాష్ట్రప్రభుత్వములును కలిసి సమకూర్చుకొనవలెను. కర్ణాటక, ఆంధ్ర ప్రభుత్వములు రెండింటికిని సరిహద్దైన ఈ తావున అట్టి భారమును పంచుకొనుటకు ఇరువురును పూనుకొనవచ్చును.