జనవరిలో మీ తరగతిలో ఎంతమంది?

జనవరి నెలలో మీ తరగతిలో ఎంతమంది ఉంటారు పిల్లలూ? తొందరపడి చెప్పకండి. ఈ చిన్న ప్రశ్నకు మన విడపనకల్లు మండలంలో మూడు జవాబులున్నాయి, మూడూ నిజమే. రిజిస్టరులో ఉన్న పేర్లు ఒక సంఖ్య. ఆ పొద్దు తరగతిలో వచ్చి కూచున్నవాళ్లు ఇంకో సంఖ్య. కథల పుస్తకం ఇస్తే ఒక పేజీ తడబడకుండా చదివేవాళ్లు మూడో సంఖ్య. పైఆఫీసులకు ముందుగా పోయేది ఆ మొదటిదే. ఎంతమంది టీచర్లు కావాలి, ఎన్ని పుస్తకాలు అచ్చువేయాలి, బియ్యం ఎన్ని మూటలు పంపాలి అన్నవన్నీ దాన్ని చూసే తేలుస్తారు. అందుకే ఈ పూట మనం బడి లెక్కల గురించి మాట్లాడుకుందాం. ఇవి మీ లెక్కల మాష్టారు చెప్పే లెక్కలు కావు, మిమ్మల్నే లెక్కపెట్టే లెక్కలు.

1990లో థాయ్‌లాండ్‌లోని జోమ్‌టియన్ అనే ఊళ్లో ప్రపంచ దేశాలెన్నో కూడి అందరికీ చదువు చెప్పిస్తామని మాట ఇచ్చుకున్నాయి. మాట ఇచ్చాక, చదివేదెవరో చదవనిదెవరో తెలియాలి కదా! ఆఫ్రికాలో చాలా దేశాలకు అప్పట్లో ఆ సంగతి సరిగా తెలియదు. ఫారాలు బడికి చేరేసరికే ఆలస్యం, అవి రాజధానికి తిరిగివచ్చేసరికి ఇంకా ఆలస్యం. జింబాబ్వే రాజధాని హరారే కేంద్రంగా, ఆ దేశాల విద్యాశాఖల్లో లెక్కలు చూసేవాళ్లకు శిక్షణ ఇచ్చే పని ఆ దశాబ్దంలోనే మొదలైంది. మన దేశంలోనూ దాదాపు అదే కాలం, 1994-95లో, జిల్లా ప్రాథమిక విద్యా పథకంతో పాటు ‘డైస్’ అనే లెక్క పుట్టింది. 2012-13లో హైస్కూళ్లను కూడా కలుపుకొని ‘యూడైస్’ అయింది. 2018-19 నుంచి యూడైస్ ప్లస్ అంటున్నారు.

మీ బడి గోడమీదనో ఆఫీసు బోర్డుమీదనో 11 అంకెల సంఖ్య ఒకటి ఉంటుంది, చూడండి. అదే యూడైస్ కోడ్. మొదటి రెండంకెలు రాష్ట్రానివి, మనకు 28. తర్వాత రెండు జిల్లావి, రెండు మండలానివి, మూడు ఊరివి, చివరి రెండు బడివి. పాల్తూరు బడైనా హావళిగి బడైనా డోనేకల్లు బడైనా దేశంలో ఇంకో బడితో కలిసిపోకుండా ఆ అంకెలు కాపాడతాయి. యూడైస్ ఫారం హెచ్‌ఎం సారు నింపుతారు, సీఆర్పీ (క్లస్టర్ రిసోర్స్ పర్సన్) వచ్చి చూస్తారు, అది మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి, అక్కడినుంచి ఢిల్లీకి చేరుతుంది. ఇంత పద్ధతి ఉన్నా లెక్క తప్పడానికి దారులు చాలానే ఉన్నాయి.

మొదటిది తేదీ. చాలా ఏళ్లు సెప్టెంబరు 30 నాటికి బడిలో ఎంతమంది ఉన్నారో అదే ఆ ఏటి లెక్క. ఇప్పుడు మన మండలం సంవత్సరాన్ని తలుచుకోండి. జూన్, జూలైల్లో బుడ్డలు విత్తుతారు. సెప్టెంబరు నెలాఖరుకు పంట ఇంకా చేన్లోనే ఉంటుంది, ఊరు నిండుగా ఉంటుంది, బడీ నిండుగా ఉంటుంది. వాన ముఖం చాటేసిన ఏడు, చేను ఎండిపోయాక తల్లిదండ్రులు మూటాముల్లె సర్దుకొని బెంగళూరు పనులకో, మిరపకాయ కోతలకో పోతారు. పిల్లల్ని ఎవరి దగ్గర వదలాలి? అవ్వాతాతలుంటే సరే, లేకుంటే వెంట తీసుకుపోతారు. అట్లా పోకుండా పిల్లలు ఇక్కడే ఉండి చదువుకోవడానికే సీజనల్ హాస్టళ్లు పెట్టింది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని జిల్లా మనది. సెప్టెంబరులో తీసిన ఫోటో జనవరికి చెల్లదు. కెన్యా ఉత్తరాన ఎండునేలల్లో పశువుల మేతకోసం, నీళ్లకోసం తిరిగే కుటుంబాలదీ ఇదే గొడవ. ఏ రోజున లెక్కపెట్టారో చెప్పని లెక్కను నేనైతే సగమే నమ్ముతాను.

రెండోది వయసు. మీ అటెండెన్స్ రిజిస్టరులో పుట్టినతేదీలు ఒకసారి చూడండి. ఏడాదిలో 365 రోజులు కాబట్టి, 365 మంది ఉన్న హైస్కూల్లో ఏ ఒక్క తేదీకైనా సగటున ఒక్కరే, మహా అయితే ఐదారుగురు ఉండాలి. అట్లాకాక జూన్ 1న పుట్టినవాళ్లు పాతికమంది కనిపిస్తే ఏమనుకోవాలి? ఆ తల్లులందరూ ఒకే రోజు కనలేదు. బడి తెరిచే నాటికి ఐదేళ్లు నిండాలని, తేదీ తెలియని బిడ్డకు అందాజుగా అది రాసేశారు. మీ నాన్నల కాలంలో ఇది మరీ ఎక్కువ. పెద్దవాళ్ల వయసులోనూ ఇట్లాంటి చిక్కే ఉంది. జనాభా లెక్కలవాళ్లు వచ్చి అడిగితే నలభై, నలభై ఐదు, యాభై అని గుండుగా చెబుతారు. దీన్ని పట్టుకోవడానికి విప్పుల్ సూచిక అని ఒక ఉపాయం ఉంది. 23 నుంచి 62 ఏళ్ల వరకు ఉన్నవాళ్లను తీసుకొని, వాళ్లలో వయసు చివర సున్నా గానీ ఐదు గానీ ఉన్నవాళ్లను లెక్కపెట్టి ఐదుతో గుణిస్తారు. దాన్ని మొత్తం మందితో భాగించి నూరుతో గుణిస్తారు. అందరూ ఉన్నది ఉన్నట్టు చెబితే నూరు వస్తుంది. అందరూ గుండుగా చెబితే ఐదువందలు వస్తుంది. ఎవరి ఇంటికీ పోకుండా, ఎవర్నీ నిలదీయకుండా, కాగితం మీదే లెక్క ఎంత గట్టిదో తేల్చే విద్య ఇది. నాకు చాలా ఇష్టం.

వయసు తప్పితే ఏమవుతుందంటారా? ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లల్లో ఎంతమంది బడిలో ఉన్నారు అనే శాతం తప్పుతుంది. భాగహారంలో పైసంఖ్య బడినుంచి వస్తుంది, కిందిసంఖ్య జనాభా లెక్కనుంచి వస్తుంది. మనకు చివరి జనాభా లెక్క 2011లో జరిగింది, తర్వాతిది 2027కు పెట్టుకున్నారు. ఆ మధ్య పదహారేళ్లూ కిందిసంఖ్య అంచనాయే. ఒక్కోచోట చేరిక నూటికి నూరు దాటిపోయి కనిపించడానికి ఇదీ ఒక కారణం. ఆ జనాభా లెక్కలో చదువు సంగతీ అంతంతే. 2011లో మన ఉమ్మడి అనంతపురం జిల్లా అక్షరాస్యత 63.57 శాతం అన్నారు. అప్పుడు ఎవరి చేతికీ పలక ఇచ్చి చూడలేదు. ఇంట్లో ఒకరు ‘మావాడికి చదవను రాయను వచ్చు’ అంటే వచ్చినట్టే రాసుకున్నారు.

అన్నిటికన్నా కష్టమైనది మూడోది. లెక్కను బట్టి లాభమో నష్టమో ఉన్నప్పుడు లెక్క వంగుతుంది. కెన్యాలో 2003 జనవరిలో ప్రాథమిక విద్య ఉచితం చేశారు. ఫీజులకు బదులు, ఒక్కో పిల్లవాడికి ఇంత అని ప్రభుత్వమే బడికి డబ్బు ఇచ్చింది. మంచి పనే. తర్వాత జస్టిన్ శాండెఫర్, అమాండా గ్లాస్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు బడులు పంపిన లెక్కనూ, ఇళ్లకు పోయి చేసిన సర్వేనూ పక్కపక్కన పెట్టి చూశారు. బడి లెక్కలో చేరిక పెరిగింది, ఇళ్ల లెక్కలో ఆ పెరుగుదల కనబడలేదు. 2015లో దీన్ని ప్రకటించారు. అక్కడి హెడ్మాస్టర్లు మోసగాళ్లని దీనికి అర్థం కాదు నాయనా. వెళ్లిపోయిన బిడ్డ పేరు కొట్టేస్తే బడికి వచ్చే నాలుగు రూపాయలు పోతాయి, ఉంచితే ఎవరూ అడగరు. మన దగ్గరా టీచరు పోస్టు పిల్లల సంఖ్యను బట్టే ఉంటుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో ముప్పైమందికి ఒక టీచరు. ఇద్దరు పిల్లలు తగ్గితే ఉన్న ఒక్క సారునూ వేరే ఊరికి పంపేస్తారేమో అన్న భయం ఉన్నచోట, సుగ్గికి, అంటే కోత పనులకు వలస పోయిన బిడ్డ పేరు ఎవరు తీసేస్తారు? ఆ సారును తిట్టడం నాకు ఇష్టం లేదు. ఊరి బడిని కాపాడుకోవడానికే ఆయన ఆ పేరు ఉంచాడు. పద్ధతి మారాలి.

లెక్క వంగకుండా చూసే ఉపాయం మన చేన్లలోనే ఉంది. పంటకోత ప్రయోగాలు చూశారు కదా మీరు? బుడ్డల దిగుబడి తేల్చడానికి వచ్చే అధికారి చేనంతా కోయించడు. ఏ సర్వే నంబరు, ఆ చేన్లో ఏ మూల అన్నది యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక చెబుతుంది. తాడు పట్టి చదరం గుర్తించి, అంతవరకే పీకి తూకం వేస్తారు. రైతును చూపించమంటే బీమా కోసం ఎండిన మూల చూపిస్తాడు, పేరు కోసం చూసే అధికారి పచ్చని మూల చూస్తాడు. ఇద్దరికీ వదలకుండా పట్టికకు వదిలేయడమే ఇందులోని గొప్పతనం. గణాంకశాస్త్రాన్ని ప్రపంచానికి నేర్పినవాళ్లలో మన తెలుగాయన ఉన్నారు. కల్యంపూడి రాధాకృష్ణారావు, అందరూ సి.ఆర్.రావు అంటారు. 1920లో మన పొరుగున అప్పటి బళ్లారి జిల్లా హడగలిలో పుట్టారు. 1882కు ముందు మన అనంతపురం కూడా ఆ బళ్లారి జిల్లాలోదే. విశాఖపట్నంలో గణితం, కలకత్తాలో గణాంకశాస్త్రం చదివి, గణాంకశాస్త్రవేత్త మహలనోబిస్ గారి సంస్థలో చేరి, 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకున్నారు. ఆ ఏడే కన్నుమూశారు.

బడి లెక్కకూ ఇట్లాంటి పంటకోత ఉంది. ‘ప్రథమ్’ సంస్థ 2005 నుంచి ‘అసర్’ సర్వే చేయిస్తోంది. జిల్లాలో 30 ఊళ్లు, ఊరికి 20 ఇళ్లు, అంటే 600 ఇళ్లు. బిడ్డకు చదువు వచ్చో రాదో తేల్చడానికి రిజిస్టరు చూడరు, ఇంటికి పోయి బిడ్డనే అడుగుతారు. అక్షరాలు, మాటలు, చిన్న పేరా, తర్వాత రెండో తరగతి స్థాయి కథ. చదివితే చదివినట్టు, లేకుంటే లేనట్టు. సర్కారు బడి బిడ్డ, ప్రైవేటు బడి బిడ్డ, బడి మానేసిన బిడ్డ ముగ్గురూ అందులో దొరుకుతారు. ఇంటి వాకిట్లో జరిగే ఈ పద్ధతిని చూసి 2009లో కెన్యా, టాంజానియా, ఉగాండా ‘ఉవేజో’ పేరుతో మొదలుపెట్టుకున్నాయి. ఆఫ్రికాకు మనం ఇచ్చిన మంచి విత్తనం అది. అసర్ సర్వేకూ హద్దుంది. 600 ఇళ్లు జిల్లా సంగతి చెబుతాయి, గడేకల్లు బడి సంగతి చెప్పలేవు. బళ్లారి రోడ్డు పొడుగునా ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు మాట్లాడే పిల్లలున్నారు. ఏ భాషలో చదివించి చూశారో కూడా చూసుకోవాలి.

ఇక మన దేశపు లెక్క 2022-23లో పెద్ద మలుపు తిరిగింది. అంతవరకు బడి ‘మాకు ఇంతమంది’ అని మొత్తం సంఖ్య పంపేది. అప్పటినుంచి ఒక్కొక్క బిడ్డ పేరు, నంబరుతో పంపాలి. 2021-22లో దేశమంతా 26.52 కోట్ల పిల్లలుంటే, 2022-23లో 25.17 కోట్లే తేలారు. కోటికి పైగా తగ్గారు! అందరూ బడి మానలేదు. ఒకే బిడ్డకు సర్కారు బడిలోనూ ప్రైవేటు బడిలోనూ పేరుంటే, పాత లెక్కలో ఇద్దరు. పాత లెక్కలో పేర్లే లేవు కాబట్టి ఎవరు మానినవాళ్లో ఎవరు రెండుసార్లు పడ్డవాళ్లో ఇప్పుడు విడదీయడం కుదరదు. ఈ మార్పు మంచిదే, అయినా జాగ్రత్త కావాలి. ఆధార్‌లోని పేరుకూ బడిలోని పేరుకూ ఒక అక్షరం తేడా ఉన్నందుకు బిడ్డ లెక్కలోకి ఎక్కకపోతే, శుభ్రం చేసిన లెక్క కూడా తప్పు లెక్కే.

మీరే చేయగలిగిన పరీక్ష ఒకటి చెబుతాను. మధ్యాహ్న భోజనానికి ప్రాథమిక తరగతుల బిడ్డకు రోజుకు 100 గ్రాముల బియ్యం లెక్క, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 150 గ్రాములు. ప్రైమరీ బడిలో 50 మంది రోజూ వచ్చి తింటే రోజుకు ఐదు కిలోలు, 50 కిలోల మూట పది బడిరోజులకు ఐపోవాలి. అదే మూట పన్నెండున్నర రోజులు వచ్చిందంటే సగటున తిన్నవాళ్లు నలభైమందే. మిగతావాళ్లు వలస పోయారా, జ్వరమా, ఇంటినుంచి క్యారియర్ తెచ్చుకుంటున్నారా అన్నది వెళ్లి కనుక్కోవాలి. రెండు వేర్వేరు చోట్ల పుట్టిన లెక్కలు కలిస్తేనే నమ్మకం. కలవకపోతే అక్కడ ఒక బిడ్డ కథ ఉన్నట్టు.

లెక్కను ఊరి ముందు పెడితే ఏమవుతుందో ఉగాండాలో తెలిసింది. 1991 నుంచి 1995 వరకు బడులకని కేంద్రం పంపిన తలసరి డబ్బులో సగటున 13 శాతమే బడికి చేరిందని రీనిక్కా, స్వెన్సన్ అనే పరిశోధకులు లెక్కతేల్చారు. ఆ తర్వాత ఏ జిల్లాకు ఎంత పంపామో ప్రభుత్వం పత్రికల్లో వేయించింది, బడుల దగ్గర కాగితాలు అంటించింది. 2001 నాటికి చేరేది 80 శాతం దాటింది. పత్రిక ఒక్కటే కారణం కాదు, వేరే మార్పులూ తోడయ్యాయని తర్వాత కొందరు సరిచేశారు, అదీ నిజమే. ఎంత వచ్చిందో తెలిసిన తల్లిదండ్రులు ఊరుకోరు అన్నమాట మాత్రం నిలిచింది.

మన దగ్గర ఆ పని చేయడానికి చట్టమే దారి ఇచ్చింది. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే ఉండాలి, కమిటీలో సగం ఆడవాళ్లు ఉండాలి. ఇన్నేళ్లుగా మన బడులు లెక్కలు పైకి పంపుతూనే ఉన్నాయి, ఆ లెక్క మళ్లీ ఊరికి తిరిగిరావడం మాత్రం అరుదు. టీచరుకు అది ఏటా నింపే ఫారం, అంతే. తాను రాసిన అంకె తన బడికి పనికొస్తుందని తెలిసిన రోజున ఆయనే దాన్ని జాగ్రత్తగా రాస్తాడు. వలస పోయిన బిడ్డను పోయాడని రాస్తే టీచరు పోస్టు పోకూడదు, దాని బదులు సీజనల్ హాస్టల్ సీటు రావాలి. పైన కూచున్నవాళ్లు ముందు చేయాల్సింది అదే.

మీ అమ్మానాన్నలు ఈసారి కమిటీ మీటింగుకు పోయేటప్పుడు మీ బడి 11 అంకెల కోడ్ రాసి చేతికివ్వండి. యూడైస్ ప్లస్ వెబ్‌సైటులో ఆ కోడ్ కొడితే మీ బడి వివరాలు ఎవరైనా చూడవచ్చు. ఎంతమంది పిల్లలు, ఎంతమంది టీచర్లు, మరుగుదొడ్లు, కుళాయి అన్నీ ఉంటాయి. అందులో ఉన్నది మీ బడిలో ఉందా? లేనిది ఉన్నట్టు రాసుంటే, ఉన్న బిడ్డ పేరు లేకుంటే, హెచ్‌ఎం సారుకు చెప్పించండి, ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసుకు ఒక అర్జీ రాయించండి.